జోయలన్న అద్దానికి వాన పరీక్ష

మా జోయలన్న గొప్పలు చెప్పుకునే మనిషి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను అనకుండా. కళ్యాణదుర్గంలో బళ్ళారి రోడ్డు మీద ఆయన రేకుల షెడ్డూ, త్రివేణి సీటు కవర్లు అనే నా అంగడీ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఉన్నది ఒక రేకు. ఆయన దగ్గితే నాకు వినపడుతుంది, నా మిషను ఆగితే ఆయనకు తెలిసిపోతుంది. పదిహేడేళ్ళుగా ఆ రేకు అవతలి నుంచి నేను విన్న మాటల్లో సగం ఒక్కటే మాట. జోయలు బిగించిన అద్దం ఒక్క చుక్క కారదు.

లారీ, బస్సు, ఆటో, ఏ బండి ముందద్దం పగిలినా ఆయన దగ్గరికే వస్తారు. షెడ్డు ముందు బోర్డు మీద కూడా అదే రాయించాడు, ఎర్ర రంగుతో. ఒక్క చుక్క కారదు, గ్యారంటీ. అది కంటపడినప్పుడల్లా నా నోరు ఊరుకోదు. మన ఊళ్ళో వాన పడితే కదన్నా కారేది, ఇంత గ్యారంటీ నేనూ ఇస్తాను, నా సీటు కవర్లకు కూడా కారవని రాయించుకుంటాను అంటాను. ఆయన నవ్వడు. మిగతా అన్నిటికీ పకపకా నవ్వే మనిషే, అద్దం విషయంలో మాత్రం ఆయనకు నవ్వు రాదు.

ఆయన పుట్టింది కుందుర్పి పక్కన ఒక పల్లెలో. అమ్మానాయనలు కూలికి పోయేవాళ్ళు. ఒక ఏడాది చేలల్లో పనే లేకుండా పోతే ఇంటిల్లిపాదీ బళ్ళారి చేరారు. అక్కడ లారీలకు అద్దాలు బిగించే ఒక మేస్త్రి దగ్గర కుదురుకుని, తొమ్మిదేళ్ళు చేసి, చేతికి పని పట్టుబడ్డాక ఇక్కడికొచ్చి సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. కృపాకుమారిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె అంగన్‌వాడీలో ఆయా, నాకు కృప వదిన. షెడ్డు వేసి ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఇప్పుడొచ్చే కార్లకు అద్దాన్ని జిగురుతో అతికిస్తారు, అది వేరే పని. పాత పద్ధతిలో అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, ఆ రబ్బరును బండి రేకు అంచు మీదికి ఎక్కించడం జిల్లాలో ఆయనంత బాగా చేసేవాళ్ళు లేరు. ఈ మాట నేను ఆయన ఎదుట ఎప్పుడూ అనలేదు. అంటే ఇంక ఆయన్ని పట్టలేం.

జూన్ నెలాఖరులో ఒక పొద్దున మా షెడ్ల ముందు ఒక ఆకుపచ్చ కారు ఆగింది. ఎత్తు నా నడుము దాటదు. ముందు భాగం బారెడు పొడుగు, లోపల రెండే సీట్లు, వెనక ఏమీ లేదు. ఎదురుగా పాకలో పాలకు ఎనుములు మేపుకునే మారెక్క వచ్చి చుట్టూ తిరిగి చూసి, మిగతా సగం యాడ పెట్టొచ్చినారని అడిగింది. దిగినాయన పేరు భరత్‌కుమార్. ముప్పై అయిదేళ్ళుంటాయి. అనంతపురం పాత ఊళ్ళో వాళ్ళకు బట్టల కొట్టుంది. అది ఇంగ్లాండులో అరవై ఏళ్ళ కిందట చేసిన స్పోర్ట్స్ కారట. పేరు రెండుసార్లు చెప్పాడు, నాకు నోరు తిరగలేదు. నేనైతే ముందు సీట్లు చూశాను. నిజం తోలు, కొత్తగా కుట్టించాడు, కుట్టు వంకర లేదు. కొంచెం కుళ్ళుకున్నాను.

పెనుకొండ దగ్గర ముందు పోతున్న లారీ చక్రం కింది నుంచి రాయి ఎగిరొచ్చి అద్దం ఈ మూల నుంచి ఆ మూల దాకా పగిలింది. రబ్బరు అయితే ఎండకు ఎప్పుడో బీటలిచ్చింది. భరత్‌కుమార్ ఇంగ్లాండు నుంచి రెండు అద్దాలు, ఒక కొత్త రబ్బరు తెప్పించుకున్నాడు. బెంగళూరులో ఎవరో బిగిస్తామని పెట్టెలోంచి తీస్తూనే ఒక అద్దం పగలగొట్టారు. మిగిలింది ఒక్కటే. ఇంకోటి రావాలంటే రెండు నెలలు పడుతుంది. ఈయనేమో పదిహేను రోజుల్లో సకలేశపురం ఘాట్లలో జరిగే పాత కార్ల ర్యాలీకి పేరిచ్చుకున్నాడు. జులై నెల, కర్ణాటక మలెనాడు కొండలు. అక్కడ ఆ రోజుల్లో వాన ఆగదు.

"అన్నా, నీళ్ళు లోపలికొస్తే ముందు వైరింగు పోతాది, ఆ ఘాట్లో బండి ఆగిపోతాది. నీ మాట మీదనే పోతాండా" అన్నాడు భరత్‌కుమార్. ర్యాలీకి ఇరవై పాత కార్లు వస్తాయని, అన్నీ రబ్బరు అద్దాలవేనని, ఇది నిలబడితే అందరూ ఇక్కడికే వస్తారని కూడా చెప్పాడు. జోయలన్న వేలితో బోర్డు చూపించాడు. భరత్‌కుమార్ కారు వదిలి బస్సెక్కాడు.

మొదటి రోజంతా పాతది తీయడానికే సరిపోయింది. ఎండిన రబ్బరును కత్తితో కోసి, పగిలిన అద్దాన్ని జాగ్రత్తగా ఎత్తి, కింద రేకు అంచుకు పట్టిన తుప్పు గీకి, రంగు వేసి ఆరబెట్టాడు. మరునాడు పెట్టెలోంచి కొత్త రబ్బరు తీస్తే గట్టిగా, వంగకుండా ఉంది. ఇంగ్లాండులో దీన్ని వేణ్ణీళ్ళలో నానబెడతారని భరత్‌కుమార్ కాగితం ఇచ్చి పోయాడు. జోయలన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, రబ్బరును తీసుకుపోయి షెడ్డు రేకుల మీద ఎండలో పడేశాడు. అరగంటకు అది చపాతీ పిండిలా మెత్తబడింది.

బిగించేటప్పుడు లోపల ఒక మనిషి కావాలి. ఇలాంటి వాటికి ఆయన నన్నే పిలుస్తాడు, తాడు లాగే చెయ్యి నిదానంగా ఉండాలని. రబ్బరును అద్దం చుట్టూ తొడిగి, రేకు అంచును పట్టుకునే రెండో గాడిలో నైలాన్ తాడు చుట్టూ కూరి, రెండు కొసలూ లోపలికి వేలాడదీశాడు. కృప వదిన చేసిచ్చిన కుంకుడుకాయ రసం, జారడానికి, అంచంతా పూశాడు. నేను లోపల కూర్చుని తాడు కొస లాగుతుంటే, తాడు వచ్చిన చోటల్లా రబ్బరు అంచు రేకు మీదికి టప్పున ఎక్కుతుంది. ఆయన బయటి నుంచి అరచేత్తో తడుతూ నాతో పాటు జరుగుతాడు. ఒక్క అద్దం, ఇంకోటి లేదు. పై మూల దగ్గర రబ్బరు మొండికేసినప్పుడు ఇద్దరం ఊపిరి బిగబట్టాం. నిదానం, నిదానం అంటూ ఆయన రెండు అరచేతులూ ఆనించాడు. ఎక్కింది. అద్దం పెళ్ళికూతురిలా కూర్చుంది. జోయలన్న మీసం దువ్వుకుని టీ తెప్పించాడు.

ఆ టీ తాగుతుండగానే భరత్‌కుమార్ ఫోన్ చేశాడు. నేను అక్కడే ఉన్నాను, అవతలి మాట కూడా వినిపించింది. నీళ్ళు కొట్టి చూసినావా అన్నా అని అడిగాడు.

"చూసినాప్పా. ఒక్క చుక్క రాలేదు" అన్నాడు జోయలన్న.

నేను గ్లాసు దించాను. ఆ షెడ్డులో ఉన్నది ఒక్క బిందె నీళ్ళు, అవీ తాగడానికి. కొళాయి వచ్చి అయిదు రోజులయింది. ఆ వీధిలో బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం ఎదురుచూసే ఆడవాళ్ళ ముందు కారు మీద నీళ్ళు పోసే ధైర్యం ఎవరికీ లేదు. అయినా ఆయన కావాలని మోసం చేయలేదు. ఆయన లెక్కలో అది అబద్ధమే కాదు. జోయలు బిగించిన అద్దాన్ని చూడాల్సిన పనేముంది?

అన్నం క్యారియరుతో అప్పుడే వచ్చిన కృప వదిన లెక్క వేరు. గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. క్యారియరు కింద పెట్టి మొగుడి మొహంలోకి చూసింది.

"కారుతాదో లేదో నీకు తెలీదు. తెలీనిది తెలుసని చెప్పినావు."

ముప్పై ఒక్క ఏళ్ళు బిగించినా నాకు తెలీదా అని ఆయన గొణిగాడు. ఎన్నిసార్లు వానలో చూసినావు అని ఆమె అడిగింది. ఆయన వేళ్ళు మడవబోయి మానేశాడు. నేనూ ఆలోచించాను. ఒక్కసారి కూడా కాదు. బండి బిగిస్తాడు, అది మా ఎండలోకి పోతుంది. ఎప్పుడైనా పడితే దుమ్ము అణగేంత తుంపర. వేళాకోళానికి నేనంటూ వచ్చిన మాట అక్షరాలా నిజం. ఆ పిల్లోడు ఘాట్లో ఆగిపోతే ఎవరు బాధ్యులు అని కృప వదిన ఇంకొక్క ప్రశ్న వేసింది. ఆ పూట జోయలన్న అన్నం సరిగా తినలేదు.

మరునాడు పదిగంటలకు ట్యాంకరు రామప్పను నేనే పట్టుకున్నాను. పది నిమిషాలు పైపు ఇవ్వమంటే ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది మారెక్క. చేతులు అడ్డం పెట్టి నిలబడింది. తన ఎనుములు గొంతెండి అరుస్తుంటే కారుకు స్నానమా అని మమ్మల్ని కడిగి పారేసింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. పాత ఎన్నికల ఫ్లెక్సీలు రెండు తెచ్చి నేల మీద పరిచాం. నాలుగు అంచులకూ ఇటుకలు పేర్చి తొట్టిలా చేశాం. కారును దాని మీదికి తోశాం. కారు మీద పడిన నీళ్ళన్నీ అందులో నిలుస్తాయి, అవి మారెక్క ఎనుములకు. సబ్బు కలపకూడదు, ముందే కారు మీది దుమ్మంతా గుడ్డతో తుడవాలి. దగ్గరుండి తుడిపించింది కూడా. నాయకుల మొహాల మీద నీళ్ళు నిలుస్తుంటే చూడడానికి వీధంతా చేరింది.

నేను లోపల కూర్చున్నాను. జోయలన్న పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి గాలివానలా కొట్టాడు. అద్దం మీద నీళ్ళు తెరలు తెరలుగా జారుతుంటే, నిజం చెబుతున్నాను, ఎంత బాగుందో. ఐదు నిమిషాలు ఏమీ లేదు. అద్దం అవతల జోయలన్న పళ్ళన్నీ కనబడుతున్నాయి. అప్పుడు నా ఎడమ మోకాలి మీద చల్లగా తగిలింది. కింది మూల నుంచి ఒక చుక్క. దాని వెనక ఇంకోటి. కాసేపటికి కుడి మూల కూడా మొదలుపెట్టింది.

ఎదుటివాళ్ళ మొహం మీద మాట అనేయడానికి నేను ఏనాడూ వెనకాడలేదు. ఆ రోజు వెనకాడాను. చీర కొంగుతో తుడిచేస్తే ఎవరికీ తెలియదు. కానీ కృప వదిన కిటికీలోంచి నన్నే చూస్తోంది. "కారతాంది అన్నా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పైపు ఆగింది. జోయలన్న వచ్చి లోపలికి వంగి చూశాడు. వేలితో ఆ తడి తుడిచి వేలు చూసుకున్నాడు. తర్వాత పోయి ఒక పాత టైరు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. అప్పుడు గుంపులోంచి లారీ బసప్ప ముందుకొచ్చాడు. బెళుగుప్ప మనిషి, జోయలన్న దగ్గరికి ఇరవై ఏళ్ళుగా వచ్చే డ్రైవరు.

"ఇంతదానికి తల పట్టుకుంటావేందన్నా? నా లారీ ఇరవై ఏండ్లుగా కారతానే ఉండాది" అన్నాడు.

జోయలన్న తలెత్తాడు. "నా అద్దమా?"

"నీ అద్దమే. మంగళూరు ఘాట్లో వాన పట్టుకుంటే మోకాళ్ళ మీద టవలు పరుచుకుంటా. నాదొక్కటే కాదు, అందురివీ అంతే."

"మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదప్పా?"

బసప్ప కాస్త ఆలోచించాడు. "ఈడికొచ్చేతలికి ఎండిపోతాది కదన్నా. మన సీమోడు వొళ్ళో వాన పడిందని ఎవునికాడన్నా చెప్పుకోని ఏడుస్తాడా? నాకైతే అది బాగుంటాది."

అందరూ గొల్లున నవ్వారు. మారెక్క కూడా నవ్వింది. జోయలన్న నవ్వలేదు. "నేను ముప్పై ఒక్క ఏండ్లు అబద్ధం చెప్పినా త్రివేణీ" అన్నాడు నాతో. నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ బోర్డును చూసి ఇన్నేళ్ళు ఎగతాళి చేసిందాన్ని నేనే. అయినా లోలోపల ఆ మాట నిజమనే నమ్మినట్టున్నాను. లేకపోతే నాకెందుకు ఏడుపు రావాలి?

కృప వదిన మాత్రం చలించలేదు. మొగుడి ముందు నిలబడి, "నిన్న తెలీకుండా చెప్పినావు. ఈ పొద్దు తెలిసింది. ఇంక లెయ్" అంది.

లేచాడు. ఆ తర్వాత నాకు అసలు సంగతి చెప్పాడు. బళ్ళారి మేస్త్రి నేర్పిన పనిలో ఆఖరి మెట్టు ఒకటుంది. రబ్బరు ఎక్కించాక దాని అంచును పైకెత్తి, లోపల చుట్టూ నల్ల పేస్టు నింపాలి. ఇక్కడికొచ్చిన మొదటి ఏడు ఆయన అలాగే చేశాడు. మా ఏప్రిల్ ఎండకు ఆ పేస్టు కరిగి కాటుకలా అద్దం మీదికి కారింది. దాని మీద దుమ్ము పట్టింది. డ్రైవర్లు వచ్చి తిట్టారు. వాన ఎలాగూ లేదు, ఎందుకొచ్చిన పేస్టు అని మానేశాడు. అప్పటి నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు. ఫిర్యాదు లేకపోవడాన్ని ఆయన పనితనం అనుకున్నాడు. వాన లేని చోట ఎవరైనా అదే అనుకుంటారు. నేనైనా అంతే.

బళ్ళారికి బస్సెక్కి పోయి, ఇప్పుడొచ్చే మంచి రకం పేస్టు, కరగనిది, తెచ్చుకున్నాడు. మరునాడు తెల్లవారుతూనే, రేకులు కాలకముందే పని మొదలుపెట్టాడు. అంచు ఎత్తడానికి ఇనుప పనిముట్టు వాడితే రబ్బరు చిరుగుతుందని కృప వదిన వంటింటి గరిట కాడను సానబెట్టి నున్నగా చేసుకున్నాడు. ఆ గరిట ఇంక ఆమెకు తిరిగి రాలేదు. జానెడు ఎత్తడం, నింపడం, అణచడం. మళ్ళీ జానెడు. నేను మిషను మీద కూర్చోలేదు, ఆయన పక్కనే నిలబడి మిగిలిన పేస్టు తుడిచాను. చుట్టూ తిరిగి రావడానికి మూడు గంటలు పట్టింది. తడి గోనెపట్ట కప్పి, ఒక పగలూ రాత్రీ అలాగే ఉంచాడు.

రెండో పరీక్షకు నీళ్ళెక్కడివి? రామప్ప ట్యాంకరు ఇంకో రెండు రోజులకు గానీ రాదు. ఆ సాయంత్రం మారెక్క చంకన ఒక బిందెతో వచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఆ వెనక ఇంకొందరు. ఇంటికో బిందె. ఎవరు చెప్పారో, ఎవరు అడిగారో నాకు తెలియదు. "ఈ తూరి కారిందంటే నీ చెవి పిండుతా" అని మారెక్క జోయలన్నను బెదిరించి తన బిందె ముందుగా ఇచ్చింది. మళ్ళీ ఫ్లెక్సీలు పరిచాం. ఒక బిందె అయ్యాక ఇంకోటి, అద్దం పైనుంచి ధార కట్టించి పోశారు. కింద నిలిచినవి ఎత్తి మళ్ళీ పోశారు. నేను లోపల రెండు మూలల్లో రెండు పాత దినపత్రిక ముక్కలు పెట్టుకుని కూర్చున్నాను. అరగంట తర్వాత ఆ ముక్కలు తీసి కిటికీలోంచి బయటికి చాపాను. గరగరలాడుతున్నాయి. జోయలన్న వాటిని చెవి దగ్గర పెట్టుకుని నలిపి చూశాడు, జేబులో పెట్టుకున్నాడు.

వెంటనే భరత్‌కుమార్‌కు ఫోన్ చేశాడు. మొన్న నీళ్ళు కొట్టకుండానే కొట్టానని చెప్పానని, కొట్టి చూస్తే కారిందని, ఇప్పుడు సరిచేశానని, నమ్మకం లేకపోతే ఇంకెవరికైనా చూపించుకోమని చెప్పాడు. భరత్‌కుమార్, ఇప్పుడే నాకు నమ్మకం వచ్చిందన్నా అన్నాడు. మరునాడే వచ్చి కారు తీసుకుపోయాడు.

కారు పోయినాక అన్న ఊరికే కూర్చోలేదు. తను బిగించిన అద్దంతో ఇంకా తిరుగుతున్న ప్రతి లారీ డ్రైవరుకూ ఫోన్లు చేశాడు. వచ్చి పేస్టు పెట్టించుకోండి, ఒక్క రూపాయి వద్దు అని. బసప్ప నాది ఉండనీలే అన్నా అంటూనే బండి తెచ్చిపెట్టాడు. అది నీకు కావాల్సిన పని కాదప్పా, నాకు కావాల్సిన పని అని జోయలన్న ఎక్కి కూర్చున్నాడు. ఆ వారమంతా మా రోడ్డు పొడుగునా లారీలే. నా అంగడికి వచ్చేవాళ్ళకు దారి లేక నేను రోజూ అరిచాను.

ర్యాలీ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు వీడియో కాల్ వచ్చింది. మా ఊళ్ళో ఎప్పటిలాగే గాలి దుమ్ము లేపుతోంది, మబ్బులు ఆగకుండా తూర్పుకు పోతున్నాయి. ఫోన్లో భరత్‌కుమార్ మొహం, వెనక అంతా నీళ్ళు. కారు ఘాట్లో ఒక పక్కన ఆపుకున్నాడు. పొద్దున ఆరు నుంచి పడుతూనే ఉందని అరిచి చెబుతున్నాడు. మారెక్క, కృప వదిన, బసప్ప, నేను, రోడ్డు మీద పోయేవాళ్ళు, అందరం ఆ చిన్న ఫోను మీద పడ్డాం. ఎవరూ అద్దం చూడటం లేదు. అందరం వాన చూస్తున్నాం.

"ఆ నీళ్ళంతా యాడికి పోతాండాయప్పా?" అని మారెక్క ఫోన్లోకి అడిగింది. భరత్‌కుమార్ ఫోను తిప్పి ఘాటు కింది లోయ చూపించాడు.

జోయలన్న మా అందరినీ మోచేతులతో పక్కకు నెట్టాడు. కింది మూల చూపించప్పా అన్నాడు. భరత్‌కుమార్ ఒక తెల్ల చేతిరుమాలు తీసి ఎడమ మూల తుడిచి చూపించాడు. కుడి మూల తుడిచి చూపించాడు. పొడిగా, తెల్లగా ఉంది. జోయలన్న కళ్ళ నిండా నీళ్ళు. తన అద్దం మీద అంత వాన పడటం ఆయన తన జన్మలో చూడటం అదే మొదలు. అక్కడ గాలి పెద్దదయింది, ఒక తెర వచ్చి ముందద్దాన్ని చెంప మీద కొట్టినట్టు కొట్టింది. భరత్‌కుమార్ ఉలిక్కిపడి, ఇంకా పెద్దదవుతోందన్నా, ఘాటు దిగిపోమంటావా అని అడిగాడు.

"ఎందుకు దిగడం?" అన్నాడు మా జోయలన్న. "పడనీప్పా. ఇంకా గట్టిగా పడనీ."